‘ఊరికే కూర్చోవడమే కదా!’

“వైద్యం ఫ్రీయే కదా. పేషెంటు పక్కన ఊరికే కూర్చోవడమే కదా. ఇంకేం కష్టం?”

ఈ మాట మా ఊళ్ళో విన్నాను, బస్సులో విన్నాను, నేను పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూలు స్టాఫ్ రూములోనూ విన్నాను. చివరికి మా చిన్నమ్మ ఫోన్ చేసి, “రోజంతా ఖాళీయేగా అక్కడ, ఏదన్నా కుట్టుపని చూసుకోరాదూ” అంది. అప్పుడు మా అమ్మకు నోటి క్యాన్సర్. ఊళ్ళో ‘కరెంటు పెట్టడం’ అంటారే, ఆ రేడియేషన్ హైదరాబాద్‌లో జరుగుతోంది. నేను ఆమెకు తోడుగా 58 రోజులున్నాను. చిన్నమ్మ ఆ మాట అన్నది అందులో ఇరవయ్యో రోజునో, ఇరవై ఒకటో రోజునో. ఆమె చెడ్డ మనిషి కాదు, అందరూ అనేదే అంది. అందుకే ఈ జవాబు ఆమె ఒక్కదానికి రాయడం లేదు.

ముందు ఆ వాదనలో ఉన్న నిజాన్ని ఒప్పుకుంటాను. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలయ్యేదాకా పేదింట్లో పెద్ద జబ్బంటే పొలమో, పుస్తెలో పోవాల్సిందే. ఇవాళ తెలంగాణలో ఆ పథకం పరిమితి కుటుంబానికి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ ప్యాకేజీలో వస్తాయి. 2022లో హైదరాబాద్ సర్కారు ఆసుపత్రుల దగ్గర రోగుల సహాయకులకు 5 రూపాయల భోజనం మొదలుపెట్టారు. ఆ భోజనం నేనూ తిన్నాను. వేడిగా ఉంది, కడుపు నిండింది. పెట్టినవాళ్ళకు దండం. కాబట్టి వాదన ఇలా సాగుతుంది: డబ్బు సర్కారు కడుతోంది, వైద్యం డాక్టరు చేస్తున్నాడు, సేవ సిస్టర్లు చేస్తున్నారు, అన్నం గేటు దగ్గరే దొరుకుతోంది, ఇక తోడొచ్చిన మనిషికి మిగిలింది కూర్చోవడమే.

వినడానికి ఎక్కడా లోపం లేనట్టే ఉంటుంది. ఒక్కో మాటే తీసుకుందాం.

ఒకటి: ‘వైద్యం ఫ్రీ కాబట్టి ఖర్చు లేదు’

మా అమ్మకు 33 సిట్టింగులు రాశారు. వారానికి ఐదు రోజులు, శని ఆదివారాలు మెషీన్‌కు సెలవు. అంటే ఆరున్నర వారాల పైమాట. దానికి ముందు స్కానింగు, మొహం కొలతకు ప్లాస్టిక్ మాస్క్ చేయడం, ప్లాన్ వేయడం. తర్వాత నోటి పుండ్లు మానేదాకా కొన్నాళ్ళు. రోజూ మెషీన్ కింద పడుకునేది పావుగంట. ఆ పావుగంట కోసం బెడ్ ఇవ్వరు, ఇవ్వలేరు కూడా. బెడ్లు ఆపరేషన్ వాళ్ళకే చాలడం లేదు. మా ఊరు ఖమ్మం అవతల. రెండు వందల కిలోమీటర్లకు పైగా రోజూ వచ్చిపోవడం ఆ ఒంటితో అయ్యే పని కాదు. మరి ఆ పావుగంట పోగా మిగిలిన ఇరవై మూడు గంటల ముప్పావు ఎక్కడుండాలి?

ప్యాకేజీలో మెషీన్ ఉంది. రాత్రి లేదు. ‘ఫ్రీ’ అన్న మాటలో ఉన్న పొరపాటంతా ఇక్కడే ఉంది.

నా నోటుబుక్కులో లెక్క ఉంది, దాపరికం ఏమీ లేదు. ఆసుపత్రి వెనక సందులో గది రోజుకు 350, 58 రోజులకు 20,300. నడవలేని మనిషికి రానూపోనూ ఆటో వంద, 33 రోజులకు 3,300. గ్యాసు, పాలు, రాగులు, మా ఇద్దరి తిండి కలిపి 8,700. నాకు కోత పడిన రెండు నెలల జీతం 24,000. మొత్తం 56,300. ఇందులో మందుల పైసా ఒక్కటీ లేదు. వైద్యం నిజంగానే ఫ్రీ. అయినా మేము యాభై ఆరు వేలు పోగొట్టుకున్నాం, అందులో ముప్పై వేలు అప్పు.

ఇది మా ఇంటి గోలేనా అంటే, కాదు. వెల్లూరు సీఎంసీ చుట్టుపక్కల వీధుల్లోకి వెళ్ళి చూడండి. గది, స్టవ్వు, గిన్నెలు రోజు లెక్కన అద్దెకిచ్చే లాడ్జీలు వరసగా కనిపిస్తాయి. చిత్తూరు, అనంతపురం నుంచి వెళ్ళిన మనవాళ్ళు అక్కడ నెలల తరబడి కాపురం పెడతారు. ముంబై పరేల్‌లో టాటా మెమోరియల్ బయట ఆ అద్దె కూడా కట్టలేని కుటుంబాలు ఫుట్‌పాత్ మీదే వండుకుంటాయి. ఖర్చే లేని చోట ఇన్ని లాడ్జీలు ఎవరి డబ్బుతో నిలబడ్డాయి? ప్రభుత్వానికి తెలియని సంగతీ కాదిది. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ రౌండులో ఆసుపత్రి పాలైన కుటుంబాలను డాక్టర్ ఫీజు, మందుల ఖర్చు ఒకవైపు అడిగి, రవాణా, తోడున్నవాళ్ళ ఖర్చు, తిండి, బస మరోవైపు విడిగా అడిగారు. సర్వే ఫారంలో ఉన్న ఈ గళ్ళు ప్యాకేజీలోకి వచ్చేసరికి మాయమవుతున్నాయి.

రెండు: ‘తోడున్నవాళ్ళకు పనేముంది?’

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఈ మాట. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మూడో వారానికి అమ్మ నోరంతా పుండ్లు పడింది. మంచినీళ్ళు మింగినా కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేశారు. వేసిన సిస్టర్ నాకు ఒక్కసారి చూపించింది, ఒక్కసారే. “అర్థమైందా అమ్మా? రేపట్నుంచి నువ్వే పట్టాలి” అని పక్క పేషెంటు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమెను తప్పుపట్టను. ఆ హాల్లో అంతమందికి ఆమె ఒక్కతే.

ఆ ‘పట్టడం’ అంటే ఏమిటో చెబుతాను. తెల్లవారుజామున రాగిజావ కాచి, ఉండ లేకుండా పలచటి బట్టలో వడగట్టాలి. చిన్న పలుకు పోయినా గొట్టం మూసుకుపోతుంది. అమ్మను దిండ్లు పెట్టి ఎత్తుగా కూర్చోబెట్టాలి. గొట్టం మీద ప్లాస్టర్‌తో వేసిన గుర్తు ముక్కు అంచు దగ్గరే ఉందా, జారిందా చూడాలి. జారిన సంగతి చూసుకోకుండా పోస్తే జావ ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, మనిషికే ప్రమాదం. గుర్తు సరిగ్గా ఉంటే ముందు నీళ్ళు, తర్వాత జావ. సిరంజిని నొక్కకూడదు. ఎత్తి పట్టుకుంటే తనంతట తానే దిగాలి. మందుబిళ్ళలు మెత్తగా నూరి నీళ్ళలో కలిపి విడిగా పోయాలి. చివర మళ్ళీ నీళ్ళు పోసి గొట్టం కడిగి మూత పెట్టాలి. అరగంట దాకా పడుకోనివ్వకూడదు. ఒకసారికి ముప్పావుగంట పడుతుంది. ఇలా రోజుకు ఏడుసార్లు.

మధ్యలో ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్ళతో నోరు పుక్కిలించాలి. మెడ మీద కమిలిన చర్మానికి సబ్బు తగలకూడదు, మెత్తటి నూలుబట్టే వేయాలి. ఏ పూట ఎంత పోశానో, మూత్రం ఎన్నిసార్లు వెళ్ళిందో, జ్వరం ఎంతుందో పుస్తకంలో రాసుకోవాలి. వారానికోసారి రక్తపరీక్ష. దానికి పొద్దున్నే చీటీ, ఆ చీటీ మీద స్టాంపు, స్టాంపు కోసం ఇంకో లైను. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గర ఫొటో, వేలిముద్ర. రిపోర్టు తీసుకుని డాక్టరు గదికి. మెషీన్ చెడిపోతే ఆ రోజు టోకెన్ మర్నాటికి. మళ్ళీ ఆటో.

చిన్నమ్మా, కుట్టుపని ఎప్పుడు చేయను?

ఇందులో ఇంకో సంగతుంది, బయటివాళ్ళకు తెలియనిది. రేడియేషన్ మాస్క్ మొహానికి అచ్చు గుద్దినట్టు బిగుతుగా ఉండాలి. రోగి బరువు బాగా తగ్గితే మొహం పీక్కుపోయి మాస్క్ వదులవుతుంది. వదులైతే తల కదులుతుంది, కిరణం పడాల్సిన చోట పడదు. అప్పుడు మళ్ళీ కొత్త మాస్క్, మళ్ళీ స్కానింగు, మళ్ళీ ప్లాన్, సిట్టింగులకు గ్యాప్. నోటి, గొంతు క్యాన్సర్లలో మధ్యలో రోజులు పోతే చికిత్స పట్టు తగ్గుతుందని డాక్టర్లే హెచ్చరిస్తారు. కోట్లు పెట్టి కొన్న ఆ మెషీన్ గురి తప్పకుండా ఉండటం మా అమ్మ బరువు మీద ఆధారపడి ఉంది. ఆ బరువు వడగట్టిన రాగిజావ మీద, రోజుకు ఏడుసార్లు సిరంజి ఎత్తి పట్టిన చేతి మీద ఆధారపడి ఉంది. దీన్ని వైద్యంలో భాగం అనక ఏమనాలి?

అక్షరం రానివాళ్ళ సంగతి వేరే చెప్పాలి. మా పక్క గదిలో ఆదిలాబాద్ వైపు నుంచి భార్యను తీసుకొచ్చిన పెద్దాయన ఉండేవాడు. ఆమెకు కీమో. ప్రతి సాయంత్రం కాగితాల సంచి పట్టుకుని మా గుమ్మం దగ్గర నిలబడేవాడు. “బిడ్డా, గిండ్ల ఏం రాసిన్రో జర సదివి చెప్పు.” తెల్లకణాల కౌంట్ పడిపోయింది, ఈ వారం కీమో లేదు, వచ్చే సోమవారం మళ్ళీ రక్తపరీక్ష అని ఉండేది. ఊరికి పోయి రావాలా, ఇక్కడే ఉండాలా అన్నది ఆయన తేల్చుకోవాలి. పోతే ఇద్దరి ఛార్జీలు, ఆమె ఒంటికి బస్సులో అన్నన్ని గంటల కుదుపు. ఉంటే ఇంకో వారం అద్దె. జ్వరం వస్తే అర్ధరాత్రయినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకురమ్మని అదే కాగితంలో ఉంది. ఆ నిర్ణయం డాక్టరు చేయలేదు, సిస్టర్ చేయలేదు. చదువురాని ఆ మనిషి గుమ్మంలో నిలబడి చేశాడు. ‘ఊరికే కూర్చున్నాడు’ అని ఆయన గురించి ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

మూడు: ‘ఎవరో ఒకరు ఉంటే సరిపోతుంది’

ఆ ఎవరో ఒకరు ఎవరు? మేమున్న లాడ్జీలో పద్నాలుగు గదులు. తొమ్మిదింటిలో తోడున్నది ఆడవాళ్ళే: కూతురు, కోడలు, భార్య, చెల్లెలు. మగవాళ్ళు అప్పు తెచ్చి ఇచ్చి వెళ్ళేవారు. వాళ్ళ సంపాదన ఆగితే కనిపిస్తుంది, ఆడమనిషి సంపాదన ఆగితే కనిపించదు. మిరప ఏరడానికి పోయే కోడలు రెండు నెలలు ఆసుపత్రిలో ఉంటే ఆ కూలి పోయినట్టు ఇంట్లో కూడా ఎవరూ లెక్క రాయరు. ఇంటి దగ్గర ఆమె పిల్లలు ఎవరింట్లో తింటున్నారో, పరీక్షలకు ఎలా వెళ్ళారో అన్నది అసలు మాటల్లోకే రాదు.

సెలవు పెట్టుకోవచ్చు కదా అంటారు. ఏ సెలవు? ఈఎస్ఐ ఉన్న కార్మికుడు తానే జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. మంచిదే. జబ్బుపడ్డ తల్లి పక్కన కూర్చున్న కార్మికురాలికి అందులో ఏమీ లేదు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు పిల్లల సంరక్షణకు సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవుంది. అది పిల్లలకే, తల్లిదండ్రులకు కాదు. నాలాంటి ప్రైవేటు టీచర్లకు ఉన్నది హెడ్‌మాస్టర్ గారి దయ. ఆయన దయగలవాడు కాబట్టి ఉద్యోగం మిగిలింది, జీతం మిగల్లేదు.

నాలుగు: ‘అది ఇంటివాళ్ళ బాధ్యత. సర్కారు లెక్క కట్టాలా?’

ఇది మంచి మనసున్నవాళ్ళు కూడా అనే మాట, కాబట్టి నిదానంగా జవాబు చెప్పాలి. కన్నతల్లికి జావ పట్టినందుకు కూలి అడుగుతావా అని నన్నొకరు మొహం మీదే అడిగారు. అమ్మ మీద ప్రేమకు నేను వెల కట్టడం లేదు. గది అద్దెకు ఓనరు వెల కట్టాడు, ఆటోకు డ్రైవరు కట్టాడు, నేను లేని రోజులకు స్కూలు కట్టింది. ప్రేమ ఉంది కాబట్టే ఆ వెలలన్నీ నోరెత్తకుండా కట్టాను. ప్రేమ ఉందని అద్దె మాఫీ కాలేదు.

తోడుకు లెక్క కట్టడం ఈ దేశానికి కొత్త కూడా కాదు. క్యాన్సర్ చికిత్సకు వెళ్ళే రోగికి రైల్వే స్లీపర్, థర్డ్ ఏసీ క్లాసుల్లో ఛార్జీ పూర్తిగా మాఫీ చేసి, తోడు వెళ్ళే మనిషికి కూడా 75 శాతం రాయితీ ఇస్తుంది. రోగి ఒంటరిగా రాలేడని రైల్వేకు తెలుసు. 2005లో మొదలైన జననీ సురక్ష యోజనలో గర్భిణిని కాన్పుకు ఆసుపత్రికి చేర్చి వెంట ఉన్నందుకు ఆశా కార్యకర్తకు పారితోషికం పెట్టారు. వెంట ఉండటం పని అని ఆ పథకం రాసినవాళ్ళు ఒప్పుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో తెచ్చిన ఆరోగ్య ఆసరా కింద ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకు రోగికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చారు. పోయిన కూలిరోజు కూడా వైద్యం ఖర్చేనని అక్కడ ఒప్పుకున్నట్టే. రోగి పోగొట్టుకున్న రోజుకు లెక్క ఉన్నప్పుడు, ఆ రోగి కోసం పక్కనున్న మనిషి పోగొట్టుకున్న అదే రోజుకు లెక్క ఎందుకుండదు? దీనికి సరైన జవాబు నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్నను ఇంకోవైపు నుంచి చూద్దాం. తోడు లేకుండా రమ్మని ఏ ఆసుపత్రీ అనదు. అడ్మిషన్ రోజే “వెంట ఎవరున్నారు?” అని అడుగుతారు. అనుమతి పత్రం మీద మన సంతకం తీసుకుంటారు. రక్తం కావాలంటే మనల్నే పరుగెత్తమంటారు. స్ట్రెచర్ తోయడానికి మనిషి లేకపోతే మనమే తోస్తాం. రాత్రి రెండింటికి సెలైన్ అయిపోయిందని సిస్టర్‌ను లేపేది మనమే. ఆసుపత్రి తన పనిలో ఇంత భాగం మా మీద వేసి నడుస్తోంది. పని చేయించుకునేటప్పుడు మేము వైద్యంలో భాగం, పడుకోవడానికి చోటు అడిగితే కుటుంబం సొంత విషయం. ఈ రెండూ ఒకేసారి నిజం కావు.

తోడు నిలబడలేకపోతే ఏమవుతుందో కూడా నేను చూశాను. మా పక్క టోకెన్ ఆమె ఇరవై రెండో సిట్టింగు తర్వాత కనబడలేదు. కొడుకు వరికోతలకు వెళ్ళిపోయాడు, అద్దె కట్టేవాళ్ళు లేరు. పదకొండు సిట్టింగులు మిగిలే ఉన్నాయి. ఆమె మీద సర్కారు అప్పటికే పెట్టిన డబ్బు ఏమైనట్టు? ఒక గది, రెండు పూటల తిండి మిగుల్చుకోబోయి మొత్తం ప్యాకేజీనే పోగొట్టుకోవడం ఏ లెక్కన పొదుపు?

ఐదు: ‘అటెండర్ల వల్లే ఆసుపత్రుల్లో రద్దీ, మురికి’

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. పడుకోవడానికి గది, స్నానానికి నీళ్ళు, బట్టలారేసుకోవడానికి తీగ ఉన్న మనిషి వరండాలో చాప వేయడు. కొన్ని ఆసుపత్రుల దగ్గర కట్టిన నైట్ షెల్టర్లలో చోటు దొరికినవాళ్ళను చూడండి, వాళ్ళు వార్డు మెట్ల మీద పడుకోవడం లేదు. చోటు దొరకనివాళ్ళే మెట్ల మీద ఉన్నారు. వాళ్ళను వాచ్‌మన్ తెల్లవారుజామున కర్రతో గోడ మీద కొట్టి లేపుతాడు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

కాబట్టి నేను అడుగుతున్నది జాలి కాదు. వారాల తరబడి సాగే ప్రతి చికిత్స ప్యాకేజీలో రోగితో పాటు ఒక తోడుమనిషికి బస చేర్చాలి. రేడియేషన్ కేంద్రం ఉన్న ప్రతి పెద్దాసుపత్రి దగ్గర వంటగది ఉన్న వసతిగృహం కట్టాలి. సిట్టింగుల లెక్కన ఇద్దరికీ భోజనం, ఊరికి వెళ్ళొచ్చే ఛార్జీ ఇవ్వాలి. కూలికి పోయే మనిషి తోడుంటే ఆ రోజులకు కూలి కట్టివ్వాలి. గొట్టంతో తిండి పట్టడం లాంటి పనులు ఒక్కసారి చూపించి వదిలేయకుండా, చేయించి చూసి, తెలుగులో బొమ్మలతో కాగితం చేతికివ్వాలి. సర్కారు దగ్గర డబ్బు ఎక్కడుందంటారేమో. సగంలో ఆగిపోయిన చికిత్సల మీద ఇప్పటికే పోయిన డబ్బు ఎంతో ముందు లెక్క తీయండి.

అమ్మ చివరి సిట్టింగు అయ్యాక డిశ్చార్జి కాగితం ఇచ్చారు. మొదటి రోజు బరువు 46 కిలోలు, చివరి రోజు 44. మాస్క్ మార్చాల్సిన అవసరం రాలేదు. కింద ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. రోగి చికిత్సను బాగా తట్టుకున్నారని దాని అర్థం. మెషీన్ పేరు, కిరణాల మోతాదు, సిట్టింగుల సంఖ్య, ముగ్గురు డాక్టర్ల పేర్లు అన్నీ ఉన్నాయి. ఆ కాగితంలో ఇంకో రెండు గళ్ళు అచ్చువేయమంటున్నాను: తోడున్నవారి పేరు, తోడున్న రోజులు. నా విషయంలో ఆ రెండో గడిలో రాయాల్సిన అంకె 58.